వరాలకు లోటు లేని సంఘాన్ని పౌలు పసిపిల్లలన్నాడెందుకు

కొత్త నిబంధనలో వరాలు దండిగా ఉన్న సంఘం ఏదంటే తడుముకోకుండా కొరింథు పేరే చెప్పాలి. ఆ సంగతి ఆ సంఘాన్ని మొదలుపెట్టిన అపొస్తలుడు పౌలే ఒప్పుకున్నాడు. కొరింథువాళ్లకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోనే, ఏ కృపావరంలోనూ మీకు లోటు లేదని, మాటలోనూ జ్ఞానంలోనూ మీరు ఐశ్వర్యవంతులయ్యారని రాశాడు. అన్యభాషలు (నేర్చుకోని భాషల్లో ఆత్మ ప్రేరణతో మాట్లాడటం), ప్రవచనాలు, స్వస్థతలు, మంచి మాటకారులు, అన్నీ అక్కడున్నాయి. రెండు అధ్యాయాలు తిప్పేసరికి అదే పౌలు అదే మనుషులతో మీరింకా క్రీస్తులో పసిబిడ్డలే, మిమ్మల్ని పాలతో పెంచానే గాని అన్నంతో కాదు, ఇప్పటికీ మీరు అది తినగలిగే స్థితిలో లేరు అంటాడు.

ఈ రెండు మాటలూ ఒకే ఉత్తరంలో ఉండటం ప్రసంగికులకు కాస్త ఇబ్బందే. వరాల గురించి చెప్పేవాళ్లు పన్నెండు, పద్నాలుగు అధ్యాయాలు తీస్తారు, క్రమశిక్షణ గురించి చెప్పేవాళ్లు మూడో అధ్యాయం తీస్తారు, రెండూ కలిపి చదివేవాళ్లు తక్కువ. కలిపి చదివితే తేలేది ఒకటే: వాళ్ల వరాలు నిజమైనవే, వాళ్ల పసితనమూ నిజమే. వరం దేవుడు ఇవ్వగానే వస్తుంది. ఎదుగుదల అలా రాదు, దానికి కాలం పడుతుంది, తోటి మనుషులు కావాలి, చాలాసార్లు వాళ్లతో గొడవలు కూడా కావాల్సి వస్తుంది. మొదటిది ఉంది కాబట్టి రెండోదీ ఉన్నట్టే అనుకోవడం దగ్గర కొరింథువాళ్లు బోల్తా పడ్డారు.

మన సంఘాల్లో ఫలానావారు "చాలా ఆత్మీయులండీ" అంటే సాధారణంగా దేన్ని చూసి అంటారు? రక్షణలోకి వచ్చి ఎన్నేళ్లయింది, తెల్లవారుజామున ఎంతసేపు ప్రార్థిస్తారు, వచనాలు ఎన్ని కంఠతా వచ్చు, నలభై రోజుల ఉపవాసం చేశారా, అన్యభాషలు మాట్లాడతారా, నగలు తీసేశారా. వీటిలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, ప్రార్థన లేకుండా ఎదిగినవాళ్లు ఎవరూ లేరు. కాకపోతే ఇవన్నీ ఒంటరిగా కూడా చేయగలిగినవి, పక్కవాడితో సంబంధం లేకుండా లెక్కపెట్టగలిగినవి. పౌలు కొరింథువాళ్ల ఎదుగుదలను కొలవడానికి వీటిలో ఒక్కదాన్ని కూడా వాడలేదు. మీలో అసూయ, కలహం ఉన్నాయి కదా, మరి మీరు ఎదిగినవాళ్లెలా అవుతారు అని సూటిగా అడిగాడు.

కొరింథు ఎలాంటి ఊరో కొంచెం తెలిస్తే ఈ ప్రశ్న బరువు అర్థమవుతుంది. క్రీ.పూ. 146లో రోమన్లు ఆ పాత గ్రీకు నగరాన్ని నేలమట్టం చేశారు. వంద సంవత్సరాల తర్వాత, క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని రోమన్ కాలనీగా మళ్లీ కట్టించి, విడుదలైన బానిసల్ని పెద్ద సంఖ్యలో అక్కడ స్థిరపరిచాడు. ఒకపక్క లెకాయోను రేవు, మరోపక్క కెంక్రేయ రేవు, మధ్యలో ఊరు. వ్యాపారం బాగా సాగేది, డబ్బు వేగంగా చేతులు మారేది. తాతల పేరు చెప్పుకోవడానికి ఏమీ లేని కుటుంబాలు తామే పేరు సంపాదించుకోవాల్సిన చోటు అది, అందుకే శాసనాల మీద పేరు చెక్కించుకోవడం, పెద్ద వక్త వెనక తిరగడం, ఎవరి విందుకు ఎవర్ని పిలిచారో లెక్కపెట్టుకోవడం అక్కడ మామూలు. పౌలు దాదాపు క్రీ.శ. 50లో వచ్చి ఏడాదిన్నర ఉన్నాడు. ఆయన్ని రోమన్ గవర్నరు గల్లియో ముందుకు ఈడ్చుకొచ్చిన సంగతి అపొస్తలుల కార్యాల్లో ఉంది, ఆ గల్లియో 51-52 ప్రాంతంలో అధికారంలో ఉన్నాడని డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల తెలుస్తోంది. ఉత్తరం రాసింది ఆ తర్వాత కొన్నేళ్లకే, ఎఫెసు నుంచి.

అంటే ఈ విశ్వాసుల వయసు మహా అయితే నాలుగైదేళ్లు. ఇంత కొత్తవాళ్లను పసిబిడ్డలనడం అన్యాయం కదా అనిపించవచ్చు. పసితనం పౌలుకు తప్పు కాదు, పాలు తాగే వయసులో పాలే తాగాలి. ఆయనకు మండింది ఇంకో చోట: పాలు తాగుతూనే తాము పెద్దవాళ్లమైపోయామని వాళ్లు తీర్మానించుకున్నారు. నాలుగో అధ్యాయంలో ఆయన వెటకారం చూడండి, మీరు అప్పుడే తృప్తులయ్యారు, అప్పుడే ధనవంతులయ్యారు, మమ్మల్ని వదిలేసి రాజులైపోయారు అంటాడు. హెబ్రీ పత్రిక రాసినాయన ఫిర్యాదు ఇంకోలా ఉంటుంది. కాలాన్ని బట్టి చూస్తే మీరు బోధకులు కావాల్సినవాళ్లు, మీకే మళ్లీ అక్షరాలు నేర్పాల్సి వస్తోంది అని ఆయన బాధ. ఒకచోట ఎదగకుండానే ఎదిగామనుకున్నవాళ్లు, ఇంకోచోట ఎదగాల్సిన టైమ్ దాటిపోయినవాళ్లు. ముప్పై ఏళ్లుగా అదే సంఘంలో అదే కుర్చీలో కూర్చున్నాం అనే మాటకు హెబ్రీ పత్రిక ముందు పెద్ద విలువ లేదు.

కలహం ఎక్కడ మొదలైందో కూడా పౌలు దాచలేదు, క్లోయె ఇంటివాళ్లు చెప్పారని పేరుతో సహా రాశాడు. నేను పౌలువాడిని, నేను అపొల్లోవాడిని, నేను కేఫావాడిని (కేఫా అంటే పేతురే), ఇక కొందరైతే నేను క్రీస్తువాడినే అంటూ గ్రూపులు కట్టారు. ఇవాళ యూట్యూబ్ ఛానళ్ల కింద కామెంట్లలో ఒక బోధకుడి అభిమానులు ఇంకో బోధకుడి అభిమానుల్ని తిట్టుకుంటున్న తీరు చూసినవాళ్లకు దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. గమనించాల్సింది ఏంటంటే, పౌలు తన గ్రూపునూ మెచ్చుకోలేదు. పౌలు ఎవరు, అపొల్లో ఎవరు, ఒకరు నాటారు, ఒకరు నీళ్లు పోశారు, పెంచింది దేవుడు అన్నాడు. తన పేరు మీద జట్టు కట్టినవాళ్లను అందరికంటే ముందు కసిరినవాడు ఆయనే.

అసలు నిజం బయటపడింది మాత్రం భోజనం దగ్గర. అప్పట్లో ప్రభురాత్రి భోజనం ఇప్పట్లా చిన్న రొట్టె ముక్క, చిన్న గ్లాసు రసం కాదు, ఎవరింట్లోనో అందరూ కూడి నిజంగా తినే భోజనంతో కలిసి ఉండేది. ఆ కాలపు పెద్ద ఇళ్లలో భోజనాల గది చిన్నది, ఒరిగి కూర్చుని తినే పద్ధతి కాబట్టి తొమ్మిది పదిమందికి సరిపోతుంది, మిగతావాళ్లు బయట వసారాలో సర్దుకోవాల్సిందే. డబ్బున్నవాళ్లు పెందలాడే వచ్చేస్తారు, బానిసలు, కూలివాళ్లు పని ముగించుకుని వచ్చేసరికి పొద్దుపోతుంది. వాళ్లు వచ్చేసరికి లోపలివాళ్లు తిని తాగి ఉన్నారు. ఒకడు ఆకలితో ఉంటాడు, ఇంకొకడు మత్తులో ఉంటాడు అని పదకొండో అధ్యాయంలో ఉన్నమాట ఇదే. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని పౌలు గద్దించాడు. మీరు తినేది అసలు ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు.

తర్వాత ఆయన చెప్పిన పరిష్కారం వింటే ఆశ్చర్యమేస్తుంది. పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి, అంతే. పనిమనిషి వచ్చేదాకా యజమాని ఆగాలి. అన్యభాషల్లో మాట్లాడగలిగిన మనిషి ఒక పూట ఆకలిని ఆపుకోలేకపోతే ఆ వరం ఎంత గొప్పదైనా అతని ఎదుగుదల గురించి అది ఏమీ చెప్పడం లేదని అర్థం. ప్రభువు బల్లకు ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలనే వచనం మన సంఘాల్లో ప్రతి నెలా చదువుతారు, అందరూ తల వంచుకుని రహస్య పాపాల్ని తలచుకుంటారు. మంచిదే. అయితే ఆ వచనం చుట్టూ ఉన్న మాటలన్నీ పక్కన ఆకలితో నిలబడ్డ మనిషిని పట్టించుకోకపోవడం గురించే, ఆ సంగతి మాత్రం ఎందుకో ఎవరూ గుర్తుచేయరు.

ఎదిగినవాడు ఎలా ఆలోచిస్తాడో అదే పత్రికలో ఇంకో చోట బాగా కనిపిస్తుంది, అది మన ఊళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చా లేదా అన్నది కొరింథులో పెద్ద తగాదా. ఊళ్లో గుళ్లకు అనుబంధంగా భోజనశాలలు ఉండేవి, అస్క్లేపియుస్ ఆలయం దగ్గర అలాంటి గదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, వ్యాపార విందులు అక్కడే జరిగేవి, కాబట్టి వెళ్లనంటే బంధువులూ పోతారు, బేరాలూ పోతాయి. మన దగ్గర పక్కింటి పిన్నిగారు వినాయక చవితికి ఉండ్రాళ్ల గిన్నె తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, తిరుపతి వెళ్లొచ్చిన సహోద్యోగి లడ్డూ ముక్క డెస్క్ మీద పెట్టినప్పుడు క్రైస్తవ ఇంట్లో పుట్టే టెన్షన్ ఈ జాతిదే.

పౌలు సమాధానం అవును, కాదు అనే రెండు మాటల్లో లేదు. విగ్రహం ఒట్టిదని తెలిసిన "జ్ఞానులు" చెప్పేది సిద్ధాంతపరంగా నిజమేనని ముందు ఒప్పుకుంటాడు. ఆ వెంటనే జ్ఞానం ఉప్పొంగజేస్తుంది, ప్రేమ కడుతుంది అంటాడు. నిన్నమొన్నటిదాకా ఆ దేవుడికి మొక్కి వచ్చిన కొత్త విశ్వాసి నిన్ను గుడి భోజనంలో చూసి, తన మనస్సాక్షికి విరుద్ధంగా మళ్లీ పాత దారి పడితే నీ జ్ఞానం వల్ల అతను నశించినట్టే కదా అని అడుగుతాడు. గుడిలో ఆరాధనలో భాగంగా తినడానికి మాత్రం పదో అధ్యాయంలో గట్టిగానే అడ్డుచెబుతాడు, ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ ఒకేసారి పాలు పొందలేరని. బజారులో కొన్నదాన్ని ఆరా తీయకుండా తినమంటాడు. ఎవరైనా ఇంటికి పిలిస్తే పెట్టింది తినమంటాడు, ఎవరైనా ఇది అర్పించినదని చెబితే అతని మనస్సాక్షి కోసం ఆగమంటాడు.

కాబట్టి ప్రసాదం ముట్టని విశ్వాసి పౌలు ఉత్తరం చేతిలో పట్టుకుని నిలబడగలడు. తెలుగు సంఘాల్లో ఎక్కువమంది అటే ఉన్నారు, దానికి కారణాలూ ఉన్నాయి. తేడా వచ్చేది ఆ గిన్నె తెచ్చిన పిన్నిగారితో ఎలా మాట్లాడామన్న దగ్గర. "మా దేవుడొప్పుకోడు" అని మొహం మీద చెప్పి తలుపేసేయడం ఒక పద్ధతి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఇది తీసుకోలేకపోవడం ఆవిడ మీద చులకన వల్ల కాదని నెమ్మదిగా చెప్పడం ఇంకో పద్ధతి. నియమం రెండింట్లోనూ ఒకటే. పసివాడికి నియమం చాలు. ఎదిగినవాడు నియమంతో పాటు ఎదురుగా ఉన్న మనిషినీ చూస్తాడు, అటు ఇంట్లో కొత్తగా నమ్మిన కోడలు దీన్ని ఎలా తీసుకుంటుందో కూడా చూస్తాడు, ఇది నిజానికి చాలా కష్టమైన పని, అందుకే ఎక్కువమంది నియమం దగ్గరే ఆగిపోతారు.

నియమాల్ని అలాగని తేలిగ్గా కొట్టేయకూడదు. ఒంగోలు ప్రాంతంలో 1866 తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు వచ్చినప్పుడు, కొత్త విశ్వాసులకు మొదట పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఇవి పైపై నియమాల్లా ఉంటాయి. కానీ ఊళ్లో మాదిగల బతుకు ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు అందులో తిరుగుబాటు కనిపిస్తుంది. ఆదివారం పనికి రాను అంటే వెట్టి చేయించుకునే ఆసామికి కోపం, జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలకు కోపం, చచ్చిన గొడ్డు జోలికి పోనంటే కరువు రోజుల్లో ఇంటికి వచ్చే కాస్త తిండీ పోతుంది. ఆ మూడు నియమాలకు వాళ్లు కూలి రూపంలో, ఆకలి రూపంలో, దెబ్బల రూపంలో ఖరీదు కట్టారు.

1876-78 కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని, నిజంగానే అలా జరగకూడదని. సహాయం పంపకం ముగిశాకే మళ్లీ మొదలుపెడితే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ. ఈ అంకె మన సంఘ చరిత్రలో గర్వంగా చెప్పుకుంటాం. ఆ మర్నాటి నుంచి మొదలైన పని గురించి మాత్రం తక్కువ వింటాం: అక్షరం రాని వేలమందికి పల్లెపల్లెలో వాక్యం నేర్పడం, బడులు పెట్టడం, పంచాయితీలు తీర్చడం. బాప్తిస్మాల్ని ఒక రోజులో లెక్కపెట్టొచ్చు, ఆ తర్వాతి పనికి తరాలు పట్టింది.

అప్పటి నియమాలకూ ఇప్పుడు చాలా సంఘాల్లో నడిచే నియమాలకూ తేడా ఇక్కడే ఉంది. సినిమా చూడకపోవడం, నగలు పెట్టుకోకపోవడం, తెల్లచీర కట్టుకోవడం కొందరికి నిజంగా భక్తితో తీసుకున్న నిర్ణయాలు, వాళ్లను ఎగతాళి చేయడం కూడా పసితనమే. కానీ మొదటి తరం నియమం పాటించినవాడికి ఊళ్లో పరువు తగ్గేది. ఇవాళ్టి నియమం పాటించినవాడికి సంఘంలో పరువు పెరుగుతుంది. పరువు తెచ్చిపెట్టే నియమంతో మనిషి ఎదుగుతున్నాడా లేక గొప్పవాడిననే ఊహే ఎదుగుతోందా అనేది చూసుకోవాలి. మెడలో నగ లేని పెద్దమ్మగారు మెడలో నగ ఉన్న కొత్తమ్మాయిని చూసే చూపులో జవాబు దొరుకుతుంది.

ఇంతకీ మనిషి ఎదుగుతాడా, ఎదిగితే ఎలా ఉంటుంది? జెబెదయి కొడుకు యోహాను సంగతి చూడాలి. లూకా తొమ్మిదో అధ్యాయంలో ఒక సమరయ ఊరివాళ్లు యేసును రానివ్వకపోతే యోహానూ అతని అన్న యాకోబూ ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్లను కాల్చేయమని చెప్పమంటారా అని అడుగుతారు. భక్తి ఉంది, ఆకాశం నుంచి అగ్ని రప్పించిన ఏలీయా ప్రవక్త కథ తెలుసు, విశ్వాసం ఎంతుందంటే పిలిస్తే అగ్ని దిగుతుందనే నమ్మకం కూడా ఉంది. యేసు గద్దించాడు. తర్వాత అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో సమరయవాళ్లు వాక్యం అంగీకరించారని వినగానే యెరూషలేము నుంచి పంపిన ఇద్దరిలో ఒకడు ఈ యోహానే. వెళ్లి వాళ్ల మీద చేతులుంచి ప్రార్థించాడు, దారిలో సమరయుల పల్లెలు ఎన్నిటిలోనో సువార్త చెప్పుకుంటూ తిరిగొచ్చాడు. ఎవర్ని కాల్చాలనుకున్నాడో వాళ్ల తలమీద చేయి పెట్టాడు. మధ్యలో అతనికి అన్యభాషల వరమూ వచ్చింది, శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన పెంతెకొస్తు జరిగింది, ఆ మార్పు మాత్రం సమరయవాళ్ల ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

అతనితో పాటు వెళ్లిన పేతురు కథ ఇంకో రకం. పెంతెకొస్తు నాడు ప్రసంగించినవాడు, రోమన్ సైనికాధికారి కొర్నేలి ఇంట్లో అన్యులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తిన్నవాడు, ఇన్ని జరిగాక అంతియొకయలో, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు (యోహాను అన్న కాదు, ఇంకో యాకోబు) దగ్గర్నుంచి కొందరు రాగానే భయపడి అన్యుల పంక్తిలోంచి లేచి పక్కకు జరిగిపోయాడు. ఆయన సిద్ధాంతం మారలేదు, కూర్చునే చోటు మారింది. పౌలు అందరి ముందూ నిలదీశాడని గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. ఎదుగుదల మెట్ల మీద ఎక్కినట్టు పైకే పోతుందనుకునేవాళ్లకు ఈ సంఘటన మింగుడుపడదు. ఎంత ఎదిగినవాడైనా తనవాళ్లు చూస్తున్నారనే భయానికి ఒక పూట లొంగిపోవచ్చు.

మన దగ్గర ఇది ఏ రూపంలో వస్తుందో అందరికీ తెలుసు, చెప్పుకోవడమే తక్కువ. ఆదివారం ఒకే రొట్టె, ఒకే పాత్ర, క్రీస్తులో అందరం ఒక్కటే అనే పాట. సోమవారం అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెడితే క్రైస్తవ మాట్రిమోనీ ప్రకటనలో "విశ్వాసి, ప్రార్థనాపరుడు" అనే మాటల పక్కనే కులం పేరు ఉంటుంది. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు అనే మాటలు ఏ మొహమాటమూ లేకుండా వాడుకలో ఉన్నాయి. ఉపవాస కూటాల సంఖ్యతో ఎదుగుదలను కొలిచే సంఘం ఈ ఒక్క కొలత పెట్టుకుని చూస్తే ఎంతమంది పాసవుతారో చెప్పడం కష్టం. పౌలు అంతియొకయలో చూసింది సరిగ్గా దీన్నే, ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారు అని, దాన్నే ఆయన సువార్త సత్యానికి సంబంధించిన విషయం అన్నాడు.

హెబ్రీ పత్రికలో ఎదిగినవాళ్లకు ఇచ్చిన గుర్తు చాలా పనికొచ్చేది: అభ్యాసం వల్ల మంచి చెడులను గుర్తుపట్టేలా జ్ఞానేంద్రియాలు సాధన చేసినవాళ్లు. అంటే తమంతట తాము తేల్చుకోగలిగినవాళ్లు. ఇక్కడ కాపరుల పాత్ర కాస్త ఇరకాటమైనదే. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం ప్రకారం కాపరులు, బోధకులు ఉన్నదే పరిశుద్ధుల్ని సేవకు సిద్ధం చేయడానికి, ప్రతి గాలికీ కొట్టుకుపోయే పిల్లల్లా మిగలకుండా చూడటానికి. కానీ ఉద్యోగం మారాలన్నా, స్థలం కొనాలన్నా, పెళ్లి కుదుర్చుకోవాలన్నా పాస్టరు గారు ప్రార్థించి చెప్పేదాకా అడుగు వేయని విశ్వాసులు కొన్ని సంఘాల్లో ఉన్నారు, అది విధేయతగా మెప్పు పొందుతుంది కూడా. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు ఏడాదంతా ఫ్రిజ్ మీద ఉంటుంది, ఆ వచనం ఎవరికి, ఏ సందర్భంలో, ఏ షరతుతో ఇచ్చిందో చూసేవాళ్లు తక్కువ. యిర్మీయా 29:11 కార్డు అందుకున్నవాళ్లలో ఆ మాట బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిందని, దానికి ఒక్క వచనం ముందే డెబ్బై ఏళ్ల గడువు ఉందని గమనించినవాళ్లు ఎంతమంది? కార్డు తీసుకోవడం తప్పేం కాదు. ఆ అధ్యాయం మొత్తం చదివితే అదే వచనం ఇంకా బరువుగా వినిపిస్తుంది.

సాధన గురించి చెప్పాలంటే 1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో జరిగిన చిన్న విషయం ఒకటుంది. జాన్ వెస్లీ మనుషులు కట్టుకున్న ప్రార్థనా మందిరం మీద అప్పు మిగిలిపోయింది. సభ్యుల్ని పన్నెండు మంది చొప్పున గుంపులు చేసి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయడానికి గుంపుకో నాయకుణ్ని పెట్టారు. ఆ నాయకులు ఇళ్లకు వెళ్లేసరికి ఎవరు తాగి ఉన్నారో, ఎవరు భార్యతో పోట్లాడుతున్నారో కంటపడింది. అప్పు సంగతి పక్కకు పోయి, ఆ గుంపులే వారం వారం కూర్చుని మీ ఆత్మ ఎలా ఉంది అని ఒకరినొకరు అడిగే క్లాస్ మీటింగులయ్యాయి, మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముక అయ్యాయి. పెద్ద సభలో ఎవరైనా దాక్కోగలరు. పన్నెండు మంది మధ్య ప్రతి వారం దాక్కోవడం కుదరదు. మన దగ్గర గృహ కూడికలు, కాటేజీ ప్రేయర్లు, స్త్రీల కూడికలు ఈ పని చేయగలవు, కాకపోతే అక్కడా ఒక ప్రసంగం, రెండు పాటలు, టిఫిన్‌తో సరిపెట్టేస్తే అది చిన్న సైజు ఆదివారం ఆరాధనగానే మిగిలిపోతుంది.

డోర్నకల్‌లో 1912 నుంచి బిషప్పుగా పనిచేసిన వి.ఎస్. అజరయ్య పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ తలపై చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే మాట పలకాలి. అది కొరింథు పత్రికలోని మాటే. నిన్న చేరిన కూలి మనిషి మీద కూడా ఇంకొకరి భారం పెట్టడం అన్నమాట. ముందు బాగా ఎదుగు, తర్వాత సేవ చేద్దువు గాని అని ఆయన ఆపలేదు. పనిలో పడ్డాకే ఎదుగుతారన్న లెక్క.

ఇదంతా ఒకరి చేత ఒకరు సరిదిద్దించుకోగలిగితేనే నడుస్తుంది. అపొల్లో లేఖనాల్లో గట్టివాడు, వాక్చాతుర్యం ఉన్నవాడు, ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. డేరాలు కుట్టుకునే ప్రిస్కిల్ల, అకుల విన్నారు, లోటు కనిపెట్టారు. స్టేజీ ఎక్కి ఖండించలేదు, ఇంటికి తీసుకెళ్లి విడమరిచి చెప్పారు. అంతటి వక్త ఆ చేతిపనివాళ్ల మాట విన్నాడు, విని కొరింథుకు వెళ్లి అక్కడి సంఘానికి ఎంతో సాయపడ్డాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో తన పేరు మీదే గ్రూపు లేచిందంటే అది అతని తప్పు కాకపోవచ్చు. మళ్లీ కొరింథుకు రమ్మని పౌలు ఎంత బతిమాలినా అతను అప్పట్లో వెళ్లనన్నాడని పత్రిక చివరి అధ్యాయంలో ఉంది.

పౌలు ఉత్తరాలతో కొరింథు బాగుపడిపోయిందనుకుంటే పొరపాటు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, మొదటి శతాబ్దం చివర్లో, రోము సంఘం నుంచి క్లెమెంతు పేరుతో వాళ్లకు ఇంకో పొడవైన ఉత్తరం వెళ్లాల్సి వచ్చింది. ఈసారి గొడవ, తప్పేమీ చేయని పెద్దల్ని కొందరు పదవుల్లోంచి దించేయడం గురించి. పౌలు పత్రిక తీసి చదువుకోండి, అప్పుడూ ఇవే గ్రూపులు కదా అని ఆ ఉత్తరం గుర్తుచేసింది. మళ్లీ డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక, దాదాపు 170లో, కొరింథు బిషప్పు దియొనీసియుస్ రోముకు రాసిన జాబులోని ముక్కను చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. రోము నుంచి కొత్తగా వచ్చిన ఉత్తరాన్ని ప్రభువు దినాన సంఘంలో చదువుకున్నామని, క్లెమెంతు ద్వారా వచ్చిన పాత ఉత్తరంలాగే దీన్నీ హెచ్చరిక కోసం ఎప్పుడూ చదువుకుంటామని అందులో ఉంది. తమను తిట్టిన ఉత్తరాన్ని ఆ సంఘం చింపేయలేదు, దాచేయలేదు, మూడు తరాలుగా ఆదివారం ఆరాధనలో అందరి ముందూ పైకి చదువుతూనే ఉంది.